కుక్కపిల్ల పంటికీ పసివాడి చేతికీ మధ్య

ప్రశ్న: మేము విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. మాకు 8 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు. 5 వారాల క్రితం 40 రోజుల ల్యాబ్రడార్ పిల్లను కొని తెచ్చుకున్నాం. టామీ అని పేరు పెట్టాం. మొదటి వారం ఒళ్లోనే పడుకునేది. ఇప్పుడు పిల్లలు బడి నుంచి రాగానే మీదికి ఉరుకుతుంది, పాప లంగా అంచు పట్టి లాగుతుంది, బాబు చేతులూ మడమలూ కొరుకుతుంది. వాడు కేకలు వేస్తూ పరుగెత్తితే ఇంకా రెచ్చిపోతుంది. 4 రోజుల క్రితం వాడి ముంజేతి మీద రెండు చోట్ల రక్తపు చుక్క కనిపిస్తే పసుపు అద్దాం, మానిపోయింది. మా అత్తయ్యగారు ‘మొక్కై వంగనిది మానై వంగునా, ఇప్పుడే రెండు దెబ్బలు వెయ్యండి’ అంటున్నారు. మావారు ఎవరికైనా ఇచ్చేద్దాం, ఎవరూ తీసుకోకపోతే ఊరి బయట తోటల్లో వదిలేద్దాం అంటున్నారు. పాప మాత్రం ‘టామీకి మనమంటే ఇష్టం లేదా అమ్మా’ అని రోజూ అడుగుతోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, టామీ అలవాట్ల గురించి మాట్లాడుకునే ముందు బాబు చేతి గురించి మాట్లాడుకోవాలి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయిన ఆ రెండు రక్తపు చుక్కలే ఒక పశువైద్యురాలిగా నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టాయి. టామీకి ఇప్పుడు దాదాపు 75 రోజులు. కుక్కపిల్లలకు రేబిస్ టీకా సాధారణంగా 3 నెలలు నిండాక వేస్తారు కనుక దానికి ఆ టీకా ఇంకా పడి ఉండదు. ఇంట్లో పెరుగుతున్న పిల్లే కదా, పాలపళ్లే కదా అని ఊరుకునే విషయం కాదిది. పంటిగాటు చర్మాన్ని చీల్చి రక్తం కనిపించిందంటే, కరిచింది ఎంత చిన్న పిల్ల అయినా, దాన్ని కుక్కకాటుగానే లెక్కించాలి. కాబట్టి ఈ సమాధానం చదివిన రోజే బాబును ప్రభుత్వ ఆసుపత్రికో మీ పిల్లల డాక్టరు దగ్గరికో తీసుకువెళ్లి, ఏ రోజు కరిచింది, రక్తం వచ్చిందా లేదా, కుక్కకు ఏయే టీకాలు పడ్డాయి అన్నవి దాచకుండా చెప్పండి. నాలుగైదు రోజులు గడిచిపోయాయి కదా, ఇప్పుడేం ప్రయోజనం అని అనుకోవద్దు. ఆలస్యమైనా టీకా మొదలుపెట్టవలసిందే.

ఇక మీదట పంటిగాటు పడితే మొట్టమొదట చేయవలసింది కుళాయి కింద ధారగా పడే నీటితో, సబ్బుతో, గడియారం చూసుకుని 15 నిమిషాల పాటు కడగడం. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకు పసరు వంటివి ఏవీ అద్దకూడదు. అవి వైరస్‌ను చంపవు సరికదా, గాయాన్ని రేపి డాక్టరు పనిని కష్టం చేస్తాయి. ఆ తరువాత టీకా. మొదటి సూది వేసిన రోజును 0గా లెక్కించి, కండరానికి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చిన గాయాలకు టీకాతో పాటు గాయంలోకీ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందు) ఇవ్వవలసి ఉంటుంది; మీ బాబు విషయంలో అది అవసరమా అన్నది గాయం చూసి, వివరాలు విని డాక్టరే నిర్ణయిస్తారు. కరిచిన రోజు నుంచి 10 రోజుల పాటు కుక్క ఆరోగ్యంగా తింటూ తిరుగుతూ ఉంటే ఆ కాటుతో రేబిస్ సోకలేదని తేలుతుంది. అయితే ఆ 10 రోజులూ టీకా వేయించకుండా ఎదురుచూడమని దానికి అర్థం కాదు. టీకా మొదలుపెట్టి, కుక్కను గమనిస్తూ ఉండమని.

మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాటలు రాయడం లేదు. ఇంటి నాలుగు గోడల మధ్యే ఉన్న టామీకి ఆ జబ్బు ఉండే అవకాశం తక్కువే. కానీ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరినీ బతకనివ్వని జబ్బు అది. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో 22 ఏళ్ల కబడ్డీ ఆటగాడు ఒకరు మురికి కాలువలో పడిన కుక్కపిల్లను పైకి తీస్తుండగా అది వేలు కొరికింది. చిన్న గాటే కదా అని టీకా వేయించుకోలేదు. కొన్ని నెలల తరువాత రేబిస్‌తో చనిపోయాడు. అందుకే ‘పిల్ల కదా’ అన్న మాటను ఈ ఒక్క విషయంలో ఎవరి నోటా విన్నా నేను ఒప్పుకోను. ఇంట్లో పెంపుడు కుక్క ఉన్న పిల్లలకు కాటు పడకముందే రేబిస్ టీకా వేయించే పద్ధతి కూడా ఉంది. పాపకు ఆ టీకా వేయించడం గురించి ఇదే రాకపోకలో డాక్టరుతో మాట్లాడండి. టామీకి 3 నెలలు నిండిన వారంలోనే టీకా వేయించి, డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు వేయించండి. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన దినం) సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచిత రేబిస్ టీకా శిబిరాలు పెడుతుంటారు. ముందుముందు ఏటేటా వేయించే టీకాకు ఆ తేదీ గుర్తుగా పనికివస్తుంది.

ఇప్పుడు టామీ సంగతికి వద్దాం. కుక్కపిల్ల నోట్లో 28 పాలపళ్లు ఉంటాయి. సూదిమొనల్లాంటి ఆ పళ్లతో తోబుట్టువులను కొరకడం, కొరికించుకోవడం దాని మొదటి చదువు. గట్టిగా కొరికితే తోబుట్టువు కీచుమని ఆట మానేసి పక్కకు పోతుంది. పాలు తాగుతూ చనుమొనను నొక్కితే తల్లి లేచి వెళ్లిపోతుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే ఆట సాగుతుందో, ఎంత గట్టిగా పట్టుకుంటే ఆగిపోతుందో పిల్లకు అలా తెలుస్తూ వస్తుంది. ఈ చదువులో ఎక్కువ భాగం పుట్టిన నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపల జరుగుతుంది. 8 వారాలు నిండని కుక్కపిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాలు చెబుతున్నాయి. మీకు అమ్మినవారు 40 రోజులకే తల్లి నుంచి వేరు చేశారంటే, ఆ నియమాన్ని పక్కన పెట్టడమే కాక, టామీ చదువును కూడా సగంలో ఆపేశారన్నమాట. ఆ మిగిలిన పాఠాలే అది ఇప్పుడు మీ బాబు ముంజేతి మీద నేర్చుకోబోతోంది. దానికి తోడు ల్యాబ్రడార్ జాతి, వేటగాడు కొట్టిన పక్షిని నోట కరచుకుని తెచ్చి ఇవ్వడానికి తరతరాలుగా పెంచిన జాతి. మనం చేతితో పట్టి చూసే ప్రతిదాన్నీ అది నోటితో పట్టి చూస్తుంది.

కనుక ఇందులో పగ లేదు, పొగరు లేదు. ఆట కొరుకుడును గుర్తుపట్టడం కష్టం కాదు: ఒళ్లంతా వదులుగా ఊగుతూ ఉంటుంది, ముందు కాళ్లు నేలకు ఆనించి వెనుక భాగం పైకెత్తి రమ్మని పిలిచినట్టు నిలబడుతుంది, కొరికి వదిలి దూరంగా గెంతి మళ్లీ వస్తుంది. గుర్రుమన్నా ఆ గొంతులో బిగువు ఉండదు. ఒళ్లు బిగుసుకుపోయి కొయ్యలా నిలిచిపోవడం, అన్నం గిన్నె మీదికి వంగి కదలకుండా ఓరగా చూస్తూ కంటి తెల్లగుడ్డు కనబడనివ్వడం, పెదవి పైకి లేపి పళ్లు చూపడం, మెల్లగా లోపలి నుంచి గుర్రుమనడం వేరు. మీరు రాసినదాంట్లో ఈ రెండో రకం ఏదీ లేదు. ఎప్పుడైనా కనిపిస్తే మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే పశువైద్యుడికి చూపించండి; నొప్పి, చెవిపోటు, కడుపులో పురుగులు వంటివి కూడా పిల్లను అలా మారుస్తాయి.

మీలాంటి ఫిర్యాదుతోనే పిలిచిన ఒక ఇంటికి వెళ్లి, హాలులో గోడవారగా కూర్చుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ ఏం జరుగుతుందో అరగంట సేపు ఊరికే చూశాను. తలుపు తెరుచుకుంది. బ్యాగు కింద పడిన చప్పుడుకు కుక్కపిల్ల లేచింది. పాప సంతోషంతో సన్నని గొంతుతో దాని పేరు పిలుస్తూ రెండు చేతులూ దాని మొహం ముందు ఆడించింది. పిల్ల ఒక వేలు అందుకుంది; ఇంకా కొరకలేదు, ఊరికే పట్టుకుంది. పాప ఉలిక్కిపడి చేతిని చటుక్కున వెనక్కి లాక్కుంది. కదిలే వస్తువు తప్పించుకుంటే కుక్క ఏం చేస్తుందో అదే చేసింది, ఎగిరి ఈసారి గట్టిగా పట్టింది. పాప అరిచింది, పరుగెత్తింది, గౌను అంచు రెపరెపలాడింది. పిల్ల వెంటపడి ఆ అంచు పట్టింది. వంటింట్లోంచి తల్లి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి కేకలేసింది. అందరూ అరుస్తూ పరుగెడుతున్నారు కాబట్టి ఇది బ్రహ్మాండమైన ఆట అని పిల్లకు ఇంకా రూఢి అయింది. ఇదంతా జరగడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషంలో తప్పు పాపదీ కాదు, పిల్లదీ కాదు. తలుపు తెరుచుకున్నప్పుడు ఆ ఇద్దరి మధ్య పెద్దవాళ్లు ఎవరూ లేరు, అంతే.

నా సమాధానం మొత్తానికి ఇదే ముఖ్యమైన మాట. కుక్కపిల్లకు కొరకకూడదని నేర్పే పని 4 ఏళ్ల పిల్లవాడి మీద పెట్టకూడదు. చాలామంది ‘కొరికినప్పుడు అబ్బా అని గట్టిగా అరవమనండి, తోబుట్టువులు అలాగే చేస్తాయి’ అని సలహా ఇస్తారు. పెద్దవాళ్లు చేస్తే అది కొన్ని కుక్కపిల్లల దగ్గర పనిచేస్తుంది, కొన్నిటిని ఇంకా రెచ్చగొడుతుంది. పసిపిల్లల సన్నని కేక మాత్రం దాదాపు ఎప్పుడూ రెచ్చగొట్టేదే. మీ బాబు కేక వేసినప్పుడు ఏం జరిగిందో మీరే రాశారు. టామీకి నేర్పేది మీరూ మీవారూ అత్తయ్యగారూ; అది నేర్చుకునే దాకా పిల్లల చర్మానికి దాని పళ్లు తగలకుండా ఇంటిని సర్దుకోవడం మీ పని. ఈ రెండూ ఒకేసారి సాగాలి.

సర్దుకోవడం అంటే పెద్ద ఖర్చు కాదు. హాలుకూ పడకగదికీ మధ్య ద్వారానికి పసిపిల్లల కోసం అమ్మే అడ్డుగేటు ఒకటి బిగించండి. దొరకకపోతే టామీ దూకలేని ఎత్తులో నున్నటి చెక్కపలక అడ్డం పెట్టినా చాలు. మనుషులు కనిపిస్తూనే ఉండాలి, పళ్లు మాత్రం అందకూడదు. మీరు చూస్తున్నంత సేపూ టామీ మెడపట్టీకి ఒక తేలికపాటి తాడు ఉండనివ్వండి. అది పాప మీదికి ఉరికినప్పుడు మెడ పట్టి లాగడం కాకుండా తాడు కొస మీద కాలు వేస్తే ఆగిపోతుంది. మీరు చూడలేని వేళ ఆ తాడు తీసేసి, దాన్ని గేటు అవతల ఉంచండి. ‘నేను వంటింట్లోనే ఉన్నాను, చెవి అటే ఉంది’ అనేది చూడటం కింద లెక్కకు రాదు. 5 ఏళ్లలోపు పిల్లవాణ్ణీ కుక్కనూ, అది ఎంత మంచిదైనా, గదిలో ఒంటరిగా వదలకూడదు. పసివాళ్ల మొహం కుక్క నోటి ఎత్తులో ఉంటుంది కనుకనే వాళ్లకు పడే కాట్లు ఎక్కువగా మొహం మీదా తల మీదా పడతాయి. మన ఇళ్లలో నేల మీద కూర్చుని అన్నం తినడం, చాప మీద పడుకుని హోంవర్కు చేసుకోవడం మామూలు కాబట్టి ఇది మనకు ఇంకా ముఖ్యం. ఈ 3 నెలలు పిల్లల కంచాలు బల్ల మీదికి చేరనివ్వండి, చాప వేసుకుంటే గేటు ఇవతల వేసుకోనివ్వండి.

సాయంత్రం బడి వేళకు ఒక పద్ధతి ఏర్పరచుకోండి. పిల్లలు రావడానికి అరగంట ముందు టామీని మూత్రానికి తీసుకెళ్లి, పావుగంట మీరే ఆడించి, గేటు అవతల నమలడానికి ఏదైనా ఇచ్చి ఉంచండి. పిల్లలు వచ్చి, దాన్ని పలకరించకుండానే కాళ్లూ చేతులూ కడుక్కుని, లంగాలూ చున్నీలూ మార్చుకుని, ఒంటిని అంటిపెట్టుకుని ఉండే పైజామాలు వేసుకుని, ఏదైనా తిని కుదుటపడాలి. వేలాడే నాడాలూ రెపరెపలాడే అంచులూ కుక్కపిల్ల కంటికి పారిపోయే ఎలుక తోకలు. ఆ తరువాత తాడు మీ చేతిలో ఉంచుకుని, టామీ నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పిల్లల దగ్గరకు రానివ్వండి. పది నిమిషాలు చాలు. అందరూ సంతోషంగా ఉండగానే ముగించండి. ఏడుపుతో ముగిసే దాకా సాగదీయవద్దు.

మీరు రాయకపోయినా, పొద్దుగూకే వేళకు టామీ పిచ్చెక్కినట్టు ఇల్లంతా చుట్టి కనిపించినదల్లా కొరుకుతోందని నేను ఊహించగలను. ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. పిల్లలున్న ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుకుంటూ, లేపుతూ ఉంటారు కాబట్టి దానికి అందులో సగం కూడా దొరకదు. నిద్ర ముంచుకొస్తున్న పసివాడు మారాం చేసినట్టే నిద్రలేని కుక్కపిల్ల కొరుకుతుంది. చాలామంది దాన్ని చూసి, ఒంట్లో శక్తి ఎక్కువైంది, ఇంకా ఆడించాలి అనుకుంటారు. అది ఆర్పవలసిన చోట ఆజ్యం పోయడం. గంట మెలకువగా ఉంటే ఆ తరువాత గంటన్నర, రెండు గంటలు చీకటిగా, చల్లగా ఉన్న మూలలో పడుకోబెట్టండి. ఆ మూలలోకి పిల్లలు వెళ్లకూడదన్నది ఇంట్లో శాసనంగా ఉండాలి. నా దగ్గరకు వచ్చే ఇలాంటి కుటుంబాల్లో సగం గొడవ ఈ ఒక్క మార్పుతోనే తగ్గడం చూశాను.

ఇక నేర్పే పని. పెద్దవాళ్లు టామీతో ఆడుతున్నప్పుడు చేతికి బదులుగా కొరకడానికి ఒక బొమ్మ ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోండి. జానెడు కాకుండా మూరెడు పొడవున్న గుడ్డ తాడు అయితే పళ్లకూ వేళ్లకూ మధ్య దూరం ఉంటుంది. పన్ను చేతికి తగిలితే చేతిని లాక్కోవద్దు, అలాగే చచ్చుబడ్డట్టు వదిలేయండి. లాక్కుంటే వేట, వదిలేస్తే విసుగు. అది వదలగానే బొమ్మ అందించండి. బొమ్మను పట్టుకుంటే ‘శభాష్’ అని ఆట సాగించండి. బొమ్మను కాదని మళ్లీ చేతినే పడితే, ఒక్క మాటా మాట్లాడకుండా, దాని కళ్లలోకి చూడకుండా లేచి గేటు దాటి అవతలికి వెళ్లిపోండి. 15, 20 సెకన్లు చాలు. తిరిగి వచ్చి ఏమీ జరగనట్టు మొదలుపెట్టండి. దాన్ని గదిలో పెట్టి తాళం వేయడం కంటే మీరు వెళ్లిపోవడం మంచిది, ఎందుకంటే దానికి కావలసింది మీరు. మీరు పోతే ఆట పోయిందని అది తేలిగ్గా గ్రహిస్తుంది. ఒక సాయంత్రంలో 20 సార్లు లేవవలసి రావచ్చు. మొదటి నాలుగైదు రోజులు, ఇదివరకు పనిచేసిన ఉపాయం ఎందుకు పనిచేయడం లేదో తెలియక, ఇంకా ఎక్కువగా కొరికి చూస్తుంది కూడా. అక్కడే చాలామంది ఓపిక వదిలేస్తారు. మీరు వదలవద్దు, ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురూ ఒకే తీరుగా చేస్తే రెండు మూడు వారాల్లో పట్టు మెత్తబడటం మీ చేతికే తెలుస్తుంది.

అత్తయ్యగారు చెప్పిన సామెత నిజమే. వంచవలసింది మొక్కగా ఉన్నప్పుడే. అయితే మొక్కను వంచాలంటే దారం కట్టి రోజూ కాస్త కాస్త వంచుతాం, కర్రతో కొట్టి వంచం. ముక్కు మీద కొట్టడం, పేపరు చుట్టి అదిలించడం, మూతి బిగించి పట్టడం, వెల్లకిలా పడేసి నొక్కడం, చేతికి కారం రాసుకుని కొరకనివ్వడం, ఇవన్నీ నేను ఇళ్లలో చూసినవే. వాటివల్ల కుక్క నేర్చుకునేది మనిషి చేయి దగ్గరికి వస్తే దెబ్బ పడుతుందని. పెద్దవాళ్ల దగ్గర ముడుచుకుంటుంది, తనకంటే చిన్నవాడైన బాబు నిమరబోతే మాత్రం భయంతో నిజంగా కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది, కరవడం మానదు. అప్పుడు హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. ఈ మాటలు ఆమెతో వాదనగా చెప్పవద్దు. ఇంట్లో రోజంతా ఉండేది, వేళ తప్పకుండా పనిచేసేది ఆమే అయితే, టామీ నిద్ర వేళలూ తిండి వేళలూ ఆమెకే అప్పగించండి. గట్టి రబ్బరు బొమ్మ బోలులో ఉప్పు లేని పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం దానికి అందించమనండి. చేతులారా తినిపించిన పిల్లను కొట్టడానికి ఎవరికైనా మనసు ఒప్పదు.

పిల్లలకు నేర్పవలసింది కుక్కకు పాఠం చెప్పడం కాదు, తమను తాము కాపాడుకోవడం. మన పిల్లలందరికీ ‘స్టాచ్యూ’ ఆట తెలుసు. టామీ మీదికి వచ్చినప్పుడు మీరు ‘స్టాచ్యూ’ అనగానే ఇద్దరూ పరుగు ఆపి, చేతులు చంకల కింద దాచుకుని, తమ కాలివేళ్ల వంక చూస్తూ శిలల్లా నిలబడాలి. కదలని, అరవని, కళ్లు కలపని మనిషితో కుక్కపిల్లకు ఆట లేదు. ఈలోగా తాడు అందుకోవడానికి మీకు వ్యవధి దొరుకుతుంది. ముందు టామీ లేకుండా నాలుగైదు రోజులు ఆటగా ఆడించండి. నిజంగా అవసరం పడినప్పుడు వాళ్లకు అదే గుర్తొస్తుంది. ఈ నేర్పు రేపు వీధి కుక్క ఎదురైనప్పుడూ పనికివస్తుంది. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, నోట్లో ఏదైనా ఉన్నప్పుడు టామీ జోలికి పోకూడదు. కావలించుకోకూడదు, మొహం మీద మొహం పెట్టకూడదు, ఎత్తుకోకూడదు. బాబు వయసుకు ఇవన్నీ గుర్తుండవు, ఉంటాయని ఆశించడం కూడా న్యాయం కాదు. వాడి బదులు మీరు గుర్తుంచుకోవాలి.

ఇంకో మూడు నాలుగు వారాల్లో పాలపళ్లు ఊడి కొత్తవి రావడం మొదలవుతుంది. 6, 7 నెలలకు 42 పళ్లు పూర్తిగా వస్తాయి. ఈ మధ్యకాలంలో చిగుళ్లు దురదపెట్టి కొరుకుడు మళ్లీ పెరుగుతుంది; చేసిందంతా వృథా అయిందని కంగారుపడవద్దు. శుభ్రమైన పాత తువ్వాలు తడిపి, మెలిపెట్టి, డీప్ ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి మీరు చూస్తుండగా నమలనివ్వండి, చిగుళ్లకు హాయిగా ఉంటుంది. చల్లని పెద్ద క్యారెట్ ఇవ్వవచ్చు. ఉడికించిన కోడి ఎముకలూ మటన్ ఎముకలూ ఇవ్వవద్దు. చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. పాత సాక్సూ చెప్పూ బొమ్మగా ఇస్తే, పాప కాలికున్న సాక్సు బొమ్మ కాదని దానికి ఎలా తెలుస్తుంది?

మీవారి మాటకు కూడా సూటిగానే జవాబు చెబుతాను. తోటల్లో వదిలేయడం అన్న మాట మీ ఇంట్లో మళ్లీ రాకూడదు. తిండికీ నీళ్లకూ అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, 75 రోజుల పిల్ల వీధి కుక్కల మధ్య ఎన్ని రోజులు బతుకుతుంది? తెలిసినవారికి, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వడం మాత్రం వేరే విషయం, అందులో సిగ్గుపడవలసింది లేదు. సాయంత్రం 4 నుంచి 9 దాకా పిల్లలకూ టామీకీ మధ్య నిలబడగల పెద్దవాళ్లు ఇంట్లో నిజంగా లేకపోతే, ఆ కుక్కను బాల్కనీలో కట్టేసి పెంచడం కంటే మంచి ఇంటికి పంపడమే మేలు అని నేను చెబుతాను. మీ ఇంట్లో ముగ్గురు పెద్దలున్నారు కాబట్టి, ముందు 3 వారాలు పైన చెప్పినట్టు చేసి చూడమని ఆయన్ను నా మాటగా అడగండి.

చివరిగా పాప ప్రశ్న. టామీకి మీరంటే ఇష్టమే, ఆ ఇష్టాన్ని చూపడానికి దాని దగ్గర నోరొక్కటే ఉంది, నోటికి బదులు ముక్కు వాడటం నువ్వు దానికి నేర్పవచ్చు అని చెప్పండి. టామీ ఒక కునుకు తీసి లేచాక తాడు మీ చేతిలో పొట్టిగా పట్టుకుని కూర్చోండి. పాప తన అరచేతిని, వేళ్లన్నీ దగ్గరగా చేర్చి, టామీ మూతికి బెత్తెడు దూరంలో కదలకుండా చాపి ఉంచాలి. అది వాసన చూడటానికి వచ్చి ముక్కు ఆనించగానే పాప ‘ఊ’ అనాలి. మీరు వెంటనే దాని రోజువారీ తిండిలోంచి ఒక గింజను తాయిలంగా నేల మీద వేయాలి. తాయిలం పాప చేతిలోంచి వద్దు. పళ్లు తగిలితే చేయి లాక్కోకుండా, అది వదిలాక మెల్లగా వెనక్కి, తాయిలం లేదు, మళ్లీ మొదటికి. ఇలా పూటకు ఏడెనిమిది సార్లు చేయించండి. బాబుతో ఇప్పుడే వద్దు. వాడికి దాగుడుమూతలు చాలు: మీవారు వాణ్ణి ఎత్తుకుని తలుపు చాటున దాక్కుని పిలిస్తే, టామీ వెతుక్కుంటూ వచ్చి మీవారి చేతి తాయిలం తింటుంది, వాడు పైనుంచి చప్పట్లు కొడతాడు. ఆట అయిపోగానే ఇద్దరి చేతులూ సబ్బుతో కడిగించండి. కుక్కపిల్లల కడుపులో నులిపురుగులు పిల్లలకు అంటుకుంటాయి కనుక, టామీకి ఆ మందు ఎప్పుడు వేయించారో కార్డు తీసి చూడండి. రెండు వారాలు దాటి ఉంటే ఈ వారమే వేయించండి.